బాస్‌కి 14 ముక్కల గుండ్రటి పై చార్టే కావాలట, లేబుళ్లు ఒకదాని మీదొకటి ఎక్కేస్తున్నాయి

మందులషాపు_డేటా
మాది మందుల డిస్ట్రిబ్యూషన్. విజయవాడ, గుంటూరు, ఏలూరు డిపోల అమ్మకాలు పవర్ బీఐలో (అంకెల్ని చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టే పని నా నెత్తిన పడింది. విభాగాలు 14 ఉన్నాయి: యాంటీబయాటిక్స్, షుగర్, బీపీ, గ్యాస్, విటమిన్లు, చర్మం, కంటి చుక్కలు, ఇంకా బోలెడు. మా జీఎం గారేమో "అన్నీ ఒక్క పై చార్ట్‌లో ఉండాలి, చూడగానే తెలియాలి" అంటారు. సరే అని పెట్టాను. పెద్ద ముక్కలు అయిదూ బాగానే ఉన్నాయి. మిగతా తొమ్మిదీ 1 శాతం, 2 శాతం గాళ్లు. అన్నీ పైన ఎడమ మూలన ఇరుక్కుని కూర్చున్నాయి. కొన్నిటికి లేబుల్ వస్తోంది, కొన్నిటికి రావట్లేదు. ఫాంట్ 8కి దించినా అదే కథ. బార్ పెడతానంటే "బార్ అందరూ పెడతారయ్యా" అన్నారు. లేబుళ్లన్నీ కనపడే సెట్టింగ్ ఏమైనా ఉందా? బుధవారం రివ్యూ.

పివట్_పంతులు
సెట్టింగ్ లేదు. పై తీసెయ్, బార్ పెట్టు. చర్చ సమాప్తం.

కాకినాడ_కాజా
పంతులుగారు వచ్చేశారు. ఇక పై చార్ట్‌కి పిండం పెట్టేదాకా వదలరు.

లక్ష్మీ_బీఐ
సెట్టింగ్ ఉంది, కానీ దానివల్ల నీ బాధ తీరదు. ఫార్మాట్‌లో డీటెయిల్ లేబుల్స్‌కి వెళ్లు. పొజిషన్ "అవుట్‌సైడ్" పెట్టు, లేబుల్ కంటెంట్స్‌లో కేటగిరీ, శాతం రెండూ ఉన్నది ఎంచుకో. లెజెండ్ (ఏ రంగు ఏ విభాగమో చెప్పే పట్టీ) ఆపేయ్. లెజెండ్ పోతే చార్ట్‌కి చోటు పెరుగుతుంది, చూసేవాళ్లకి రంగు వెతుక్కునే పనీ తప్పుతుంది. ఇంత చేసినా 14 పట్టవు. చోటు చాలకపోతే పవర్ బీఐ కొన్ని లేబుళ్లని మింగేస్తుంది, నీకు జరుగుతున్నది అదే.

అసలు పని వేరే. పెద్దవి అయిదు ఉంచి తక్కినవన్నీ "ఇతరాలు" కింద కలిపేయ్. డేటా పేన్‌లో విభాగం ఫీల్డ్ మీద రైట్ క్లిక్, న్యూ గ్రూప్. పెద్ద అయిదింటినీ ఒక్కోదాన్ని ఒక్కో గ్రూప్ చేసి, కింద "ఇన్‌క్లూడ్ అదర్ గ్రూప్" టిక్ పెట్టు. మిగిలినవి వాటంతట అవే అందులో పడతాయి. దానికి బూడిద రంగు ఇవ్వు, కళ్లు దాని మీదికి పోకుండా.

మందులషాపు_డేటా
@లక్ష్మీ_బీఐ మేడం, గ్రూప్ ఐడియా బాగుంది. కానీ మా వ్యాపారంలో వానలు మొదలైతే జ్వరాలు, విరేచనాల మందులు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఇప్పుడు ఏడో స్థానంలో ఉన్నది అప్పుడు రెండోది అవుతుంది. గ్రూప్‌లో నేను చేత్తో కట్టేసిన అయిదు అప్పుడూ అవే ఉంటాయిగా?

లక్ష్మీ_బీఐ
అవే ఉంటాయి. నెలనెలా మారాలంటే పని కొంచెం ఎక్కువ. విభాగాల పేర్లతో వేరే టేబుల్ ఒకటి చెయ్యి, చివర "ఇతరాలు" అని ఒక వరస కలుపు. దాన్ని అసలు టేబుల్‌కి కలపొద్దు, రిలేషన్‌షిప్ ఉండకూడదు. మెజర్‌లో (అంటే లెక్కగట్టే ఫార్ములాలో) ర్యాంక్‌ఎక్స్ ఫంక్షన్‌తో ర్యాంక్ తీసి, 5 లోపు ఉంటే దాని అమ్మకం, 5 దాటితే ఖాళీ, "ఇతరాలు" వరస అయితే మొత్తంలోంచి ఆ అయిదూ తీసేసిన మిగులు. అంతే లాజిక్.

తెనాలి_టేబుల్స్
లక్ష్మిగారి పద్ధతి మా ఆఫీసులో నడుస్తోంది. ఒక్కటే ఇబ్బంది. ముక్క మీద క్లిక్ చేస్తే పక్కనున్న చార్టులు కదలవు. ఆ టేబుల్‌కి రిలేషన్‌షిప్ లేదు కాబట్టి ఫిల్టర్ దాటదు. చేత్తో చేసిన గ్రూప్ అయితే క్లిక్ శుభ్రంగా పనిచేస్తుంది. మీ జీఎం గారు క్లిక్ చేసే రకమా, చూసే రకమా? దాన్నిబట్టి తేల్చుకోండి.

మందులషాపు_డేటా
వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ అడిగే రకం.

కాకినాడ_కాజా
😂😂 అందరి బాసులూ ఒకే కంపెనీలో తయారవుతారా ఏంటి

తెనాలి_టేబుల్స్
అయితే క్లిక్ గోల లేదు, మెజర్ పద్ధతే పెట్టేయండి. స్క్రీన్‌షాట్ ఫోన్‌లో చూస్తారు కాబట్టి లేబుల్ ఫాంట్ 12 తగ్గకూడదు. లెజెండ్ అసలే వద్దు, ఫోన్‌లో ఆ చుక్కల రంగు ఎవడికీ అంతుపట్టదు.

పివట్_పంతులు
ఇంత తతంగం దేనికో ఒక్కసారి ఆలోచించండి. వేరే టేబుల్, ర్యాంక్, మిగులు లెక్క, బూడిద రంగు. బార్ పెడితే 14 వరసలూ, 14 పేర్లూ, 14 అంకెలూ రెండు నిమిషాల్లో వచ్చేవి. మనిషి కన్ను ఒకే గీత మీంచి లేచిన పొడవుల్ని బాగా పోలుస్తుంది, కోణాల్ని పోల్చలేదు. ఇది నా సొంత కవిత్వం కాదు. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే పరిశోధకులు ప్రయోగాలు చేసి మరీ చూపించారు. 40 ఏళ్లు దాటింది, మనమింకా ముక్కలు కోస్తూనే ఉన్నాం.

డల్లాస్_వెంకట్
@పివట్_పంతులు 1984 దగ్గరే ఆగిపోతే ఎలా సార్. 1991లో స్పెన్స్, లెవాండోస్కీ ఇంకోరకంగా పరీక్షించారు. రెండు ముక్కలు కలిపి ఇంకో రెండు ముక్కల జతతో పోల్చమంటే పై చార్ట్ ఏం తీసిపోలేదు. 2016లో కొసారా, స్కావ్ ఇంకా లోతుకి వెళ్లారు: జనం అసలు కోణం చూస్తున్నారా అని. మధ్యలో బొక్క పెట్టిన డోనట్‌లో కోణం కనపడదుగా, అయినా జనం మామూలు పై అంత బాగానే చదివారు. అంటే కన్ను కోణాన్ని కాకుండా అంచు పొడవునో వైశాల్యాన్నో చూస్తోందన్నమాట. అదే ఏడాది వాళ్లదే ఇంకో అధ్యయనంలో ఒక ముక్కని బయటికి లాగిన పై దగ్గర మాత్రం తప్పులు పెరిగాయి.

మన వాళ్లకేమో ముక్క బయటికి లాగడమంటే పండగ.

కాకినాడ_కాజా
ముక్క లాగి, త్రీడీ చేసి, కింద నీడ పెడితేనే కదా అప్రైజల్‌లో మార్కులు.

డల్లాస్_వెంకట్
త్రీడీ అంటే గుర్తొచ్చింది. 2008 జనవరిలో మ్యాక్‌వరల్డ్ సభలో ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ అమెరికా స్మార్ట్‌ఫోన్ల వాటా చూపించిన స్లైడ్ వెతికి చూడండి. ఐఫోన్ 19.5 శాతం, "ఇతరులు" 21.2 శాతం. త్రీడీ పైని వెనక్కి వాల్చి ఐఫోన్ ముక్కని మనవైపు పెట్టారు. ముందున్న ముక్కకి పక్క మందం కూడా కలిసొచ్చి 21.2 కంటే పెద్దగా కనపడింది. అంకెలు పక్కనే రాసున్నాయి, అబద్ధం ఏమీ లేదు. అయినా కన్ను మోసపోయింది.

రిటైర్డ్_లెక్కలసారు
నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. డ్యాష్‌బోర్డులు నాకు కొత్త, మా అబ్బాయి చూపిస్తే ఈ చర్చలోకి వచ్చాను. పిల్లల చేత కోణమానినితో ఇవే గీయించేవాళ్లం. 1 శాతం అంటే 3.6 డిగ్రీలు. 2 శాతం ముక్క 7.2 డిగ్రీలు, చెక్కిన పెన్సిల్‌తో కూడా లోపల పేరు రాయలేం. కంప్యూటర్ మాత్రం ఏం చేస్తుంది పాపం. 5 శాతం లోపువి కలిపేయమని అప్పట్లో నేనే చెప్పేవాణ్ణి. ఒక సందేహం: ఈ సాఫ్ట్‌వేర్లలో మొదటి ముక్క ఎక్కడ మొదలవుతుంది?

తెనాలి_టేబుల్స్
ఎక్సెల్‌లో 12 గంటల దగ్గర మొదలై గడియారం తిరిగే వైపు వెళ్తుంది సార్. షీట్‌లో వరసలు ఎలా ఉంటే అలాగే గీస్తుంది, కాబట్టి ముందు పెద్దది నుంచి చిన్నదికి సార్ట్ చేసి గీయాలి. "యాంగిల్ ఆఫ్ ఫస్ట్ స్లైస్" అని ఒక స్లయిడర్ ఉంటుంది. చిన్న ముక్కలు పైన ఇరుక్కుంటే అది కాస్త తిప్పితే పక్కకి వస్తాయి, లేబుళ్లకి చోటు దొరుకుతుంది.

జావాస్క్రిప్ట్_జానకి
కోడ్ రాసి చార్టులు గీసేవాళ్లకి (డీ3, చార్ట్ జేఎస్, ఈచార్ట్స్ అన్నీ అందుకు వాడే లైబ్రరీలే): డీ3లో పై ఫంక్షన్ మనం అడక్కుండానే పెద్దది ముందు పెట్టి సార్ట్ చేసేస్తుంది. వయసు గ్రూపుల్లాంటి వరస ఉన్న డేటా అయితే సార్ట్‌కి నల్ ఇవ్వాలి, లేకపోతే 60 ఏళ్ల వాళ్లు 20 ఏళ్ల వాళ్ల ముందొచ్చి కూర్చుంటారు. చార్ట్ జేఎస్ మూడో వెర్షన్ నుంచి రొటేషన్ డిగ్రీల్లో ఇవ్వాలి, అంతకుముందు రేడియన్లు. పాత కోడ్ ఎత్తి కొత్తదాంట్లో పెడితే ఎర్రర్ రాదు, పై మాత్రం వంకరగా తిరిగి ఉంటుంది. మా టీమ్‌లో కుర్రాడు డేటాలో తప్పుందని సాయంత్రం దాకా వెతికాడు.

ఈచార్ట్స్ వాడేవాళ్లు రోజ్ టైప్ జోలికి వెళ్తే జాగ్రత్త. అందులో ప్రతి ముక్కకీ వ్యాసార్ధం వేరుగా ఉంటుంది. విలువ రెట్టింపైతే వ్యాసార్ధమూ రెట్టింపు చేస్తే వైశాల్యం నాలుగింతలవుతుంది.

రిటైర్డ్_లెక్కలసారు
అవునమ్మా. అందుకే 1858లో ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధంలో సైనికుల మరణాలకు అలాంటి బొమ్మ వేసినప్పుడు వైశాల్యం విలువకి సరిపోయేలా లెక్కగట్టింది. ఆవిడ లెక్కల్లో దిట్ట.

ఓరుగల్లు_పోరడు
పంతులన్నా, పై ఎప్పుడూ పనికిరాదంటే నేనొప్పుకోను. నేను వార్తల సైటుకు చార్టులు చేస్త. 2023ల తెలంగాణ ఫలితాలకు సగం డోనట్ పెట్టిన. 119 సీట్లు: కాంగ్రెస్ 64, బీఆర్ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1. నడిమిట్ల నిట్టనిలువుగ ఒక సన్న గీత, దానికాడ "60". కాంగ్రెస్ రంగు ఆ గీత దాటిందా లేదా, గంతే జనానికి గావాల్సింది. బార్ పెడితే 64 పెద్దగుందని తెలుస్తది గని సగం దాటిందని యాడ తెలుస్తది?

అయితే ఓట్ల శాతానికి కూడ డోనటే, గని పూర్తిది, పెట్టమన్నరు మా డెస్కోళ్లు. కాంగ్రెస్ 39.40, బీఆర్ఎస్ 37.35. పెట్టి సూసిన, రెండు ముక్కలు కవల పిల్లల లెక్క ఉన్నయ్. అది తీసేసి ఓట్లకు బార్ పెట్టిన.

పివట్_పంతులు
చూశావా, చివరికి బార్ దగ్గరికే వచ్చావు.

ఓరుగల్లు_పోరడు
సగం తోవల అచ్చిన. మిగతా సగం నువ్వు రా అన్నా.

రిటైర్డ్_లెక్కలసారు
ఓరుగల్లు బాబు చెప్పిన అంకెలు కాగితం మీద వేసి చూశాను, ముచ్చటేసింది. సగం చక్రంలో 64 సీట్లు అంటే 64 బై 119 ఇంటూ 180, ఇంచుమించు 96.8 డిగ్రీలు. నిలువు గీత 90 దగ్గర ఉంటుంది. అంటే గీత దాటింది 6.8 డిగ్రీలు మాత్రమే. ఇక ఓట్లు: తేడా 2.05 శాతం, పూర్తి చక్రంలో 7.4 డిగ్రీలు. రెండు చోట్లా తేడా ఇంచుమించు ఏడు డిగ్రీలే! ఓట్లది ఇంకాస్త ఎక్కువ కూడా. అయినా సీట్ల తేడా కంటికి ఆనింది, ఓట్ల తేడా ఆనలేదు. సీట్ల బొమ్మలో పోల్చుకోవడానికి నిలువు గీత ఉంది. ఓట్ల బొమ్మలో ఒక ముక్క ఒకవైపు, ఇంకో ముక్క ఇంకోవైపు తిరిగి ఉన్నాయి, పోల్చడానికి ఆధారం ఏదీ లేదు. తప్పు చక్రానిది కాదండీ, మనం దాన్ని అడిగిన ప్రశ్నది.

డల్లాస్_వెంకట్
సార్ 🙏 ఇది దాచుకుంటున్నా.

పివట్_పంతులు
సగం, పావు లాంటి గీత దాటిందా అన్న ప్రశ్నకి పై సరే. లెక్కల మాస్టారు చెబితే కాదనను. మందుల షాపు వాళ్లది ఆ ప్రశ్న కాదుగా.

రంగుల_రాంబాబు
నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. మగవాళ్లలో ఇలాంటి వాళ్లు అరుదేమీ కాదు, మీ రివ్యూ మీటింగ్‌లోనూ ఒకరుండొచ్చు. లెజెండ్‌తో పెట్టిన పై చార్ట్ చూస్తే నాకు సగం ముక్కలు ఒకే రంగు. మీటింగ్‌లో అడగాలంటే నామోషీ, పక్కవాడి మొహం చూసి తలూపేస్తా. పేరు ముక్క పక్కనే రాస్తే ఏ గొడవా లేదు. ముక్కల మధ్య సన్నటి తెల్ల గీత ఉంటే ఇంకా మంచిది.

తెనాలి_టేబుల్స్
బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీసే ఆఫీసులన్నిటికీ ఇదే మందు. ప్రింటర్‌లోంచి వచ్చేసరికి అందరూ రాంబాబుగారే.

అకౌంట్స్_అనసూయ
పక్కదారి ప్రశ్న. మా పై చార్ట్‌లో శాతాలు కూడితే 101 వస్తోంది. ఆడిటర్ గారు పట్టుకున్నారు. ఎలా?

తెనాలి_టేబుల్స్
దశాంశాలు ఎత్తేస్తే వచ్చే తిప్పలు. 14.6, 14.6, 14.6, 56.2 కూడితే సరిగ్గా 100. గుండ్రం చేస్తే 15, 15, 15, 56, మొత్తం 101. లేబుల్‌కి ఒక దశాంశం పెట్టండి, తేడా చాలావరకు తగ్గుతుంది. పూర్తిగా పోదు. కింద చిన్నగా "గుండ్రం చేసినందున మొత్తం 100 కాకపోవచ్చు" అని రాసేయండి, ఆడిటర్లు అలాంటి వాక్యాలకి శాంతిస్తారు.

కాకినాడ_కాజా
101 నయం. 2009లో అమెరికాలో ఒక టీవీ ఛానెల్ ముగ్గురు నాయకులకి 70, 63, 60 శాతాలు ఇచ్చి పై చార్ట్ గీసింది. మొత్తం 193.

లక్ష్మీ_బీఐ
అది నవ్వుకోవడానికే కాదు, రోజూ జరిగేదే. ఒక మనిషి ఒకటికంటే ఎక్కువ జవాబులు టిక్ చేసే సర్వేలకి పై పనికిరాదు, ముక్కలన్నీ కలిపితే ఒక మొత్తం కావాలి. సగటులకీ పనికిరాదు. @అకౌంట్స్_అనసూయ ఇంకోటి చూసుకోండి: మీ డేటాలో రిటర్నులు ఉన్నాయా? ఒక నెలలో అమ్మకం కంటే రిటర్ను ఎక్కువైతే అంకె మైనస్‌లోకి వెళ్తుంది. ఎక్సెల్ పై ఆ మైనస్ గుర్తుని పట్టించుకోదు. మైనస్ 2 లక్షలకీ ప్లస్ 2 లక్షలకీ ఒకే సైజు ముక్క గీస్తుంది.

అకౌంట్స్_అనసూయ
అమ్మో. ఉన్నాయి. ఇప్పుడే వెళ్లి చూస్తా.

మందులషాపు_డేటా
రివ్యూ అయింది. డోనట్ చేశాను: అయిదు విభాగాలు, బూడిద రంగు ఇతరాలు. మధ్య బొక్కలో కార్డ్ విజువల్ (ఒకే అంకె చూపే పెట్టె) పెట్టి మొత్తం అమ్మకం వేశాను, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి. జీఎం గారికి తెగ నచ్చింది. రెండు నిమిషాలు బాగానే గడిచింది. ఆ తర్వాత "ఈ ఇతరాల్లో ఏమేం ఉన్నాయి?" అన్నారు.

కాకినాడ_కాజా
హహహ పోయావ్

లక్ష్మీ_బీఐ
దీనికి టూల్‌టిప్ పేజీ ఉంది. చిన్న పేజీ ఒకటి చేసి టూల్‌టిప్ అని సెట్ చెయ్యి, అందులో చిన్న విభాగాల బార్ పెట్టు. ముక్క మీద మౌస్ పెడితే ఆ బొమ్మ పైకి తేలుతుంది. నీ "ఇతరాలు" రిలేషన్‌షిప్ లేని టేబుల్‌లోంచి వస్తోంది కాబట్టి ఆ బార్‌కి మెజర్ వేరేగా రాయాలి, ర్యాంక్ 5 దాటినవే వచ్చేలా.

మందులషాపు_డేటా
వాట్సాప్ స్క్రీన్‌షాట్‌లో మౌస్ ఎక్కడ పెట్టను మేడం 😭

లక్ష్మీ_బీఐ
అదీ నిజమే. అయితే డోనట్ ఎడమకి జరిపి, కుడివైపు ఆ తొమ్మిదింటి బార్ పెట్టేయ్. బార్‌కి కూడా అదే బూడిద రంగు ఇవ్వు, పైన శీర్షిక "ఇతరాల్లో ఏముంది". బార్ పక్కన శాతం రాస్తే అది మొత్తం అమ్మకంలో శాతమా, ఇతరాల్లో శాతమా అని తప్పకుండా అడుగుతారు. రూపాయలే వెయ్యి.

పివట్_పంతులు
నేను మాట్లాడను.

ఓరుగల్లు_పోరడు
మాట్లాడకున్నా నీ మీసం నవ్వుతున్నట్టు కనవడుతున్నదన్నా.

తెనాలి_టేబుల్స్
డిపో స్లైసర్ (డిపో ఎంచుకునే ఫిల్టర్) ఉంటే ఒక మాట. గుంటూరు ఎంచుకోగానే శాతాలన్నీ గుంటూరు మొత్తం మీద లెక్కవుతాయి. విజయవాడలో 31 శాతం, గుంటూరులో 38 శాతం కనపడితే గుంటూరులో ఎక్కువ అమ్ముతున్నామనుకుంటారు. డిపో చిన్నదైతే రూపాయల్లో తక్కువే ఉండొచ్చు. ఏ డిపో ఎంచుకున్నారో శీర్షికలో వచ్చేలా పెట్టండి, స్క్రీన్‌షాట్‌లో స్లైసర్ కత్తిరించేస్తారు ఎలాగూ.

మందులషాపు_డేటా
భలే చెప్పారు, సరిగ్గా ఆ గొడవే మొదలైంది. ఇప్పుడు మూడు డిపోలకి మూడు డోనట్లు పక్కపక్కన కావాలంటున్నారు. డిపో పెద్దదైతే డోనట్ పెద్దదిగా ఉండాలట.

పివట్_పంతులు
వద్దు.

డల్లాస్_వెంకట్
ఈసారి నేనూ పంతులుగారి వైపే. మూడు డోనట్లు పెడితే ఏ విభాగాన్నైనా పోల్చడానికి మూడు చోట్ల వెతకాలి, ఒక్కో చోట ఒక్కో దిక్కుకి తిరిగి ఉంటుంది. మూడు వరసల 100 శాతం స్టాక్డ్ బార్ పెట్టు, అంటే డిపోకో బార్, అందులో విభాగాల ముక్కలు పక్కపక్కనే పేర్చి. ఎడమ అంచున ఉన్న విభాగం, కుడి అంచున ఉన్నది మూడు డిపోల్లోనూ నేరుగా పోల్చొచ్చు. ఆయనకి ఏ విభాగం మీద ఎక్కువ పట్టింపో అది ఎడమ చివర పెట్టు. డిపో మొత్తాలు పేరు పక్కనే అంకెల్లో రాసెయ్.

మందులషాపు_డేటా
షుగర్ మందుల మీద పట్టింపు. అది ఎడమకి ఎలా తేవాలి? నా దగ్గర అక్షరక్రమంలో వస్తోంది.

లక్ష్మీ_బీఐ
ఆ విభాగాల టేబుల్‌లో "వరస" అని ఒక కాలమ్ చేర్చు, షుగర్‌కి 1 ఇవ్వు, ఇతరాలకి 99. తర్వాత విభాగం కాలమ్ ఎంచుకుని "సార్ట్ బై కాలమ్"లో ఆ వరస చూపించు. ఇంకా ఏమైనా ఉంటే కొత్త చర్చ తెరువు తల్లీ/తండ్రీ, ఇది ఫోన్‌లో స్క్రోల్ చేయలేకపోతున్నా. స్క్రీన్‌షాట్ పెడితే మందుల షాపుల పేర్లు చెరిపేసి పెట్టు.